మా కారుకు పడని పెట్రోల్‌కు పూచీ ఎవరిది? కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రివర్యులకు,

ఖమ్మం నుంచి ఒక కారు యజమాని నమస్కరించి రాయునది.

మా కారుకు పడని పెట్రోల్ విషయమై ఇంతకు ముందు నేను పెట్టుకున్న అర్జీలు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి ‘తగు చర్య నిమిత్తం’ ప్రయాణించి, చివరకు ‘పరిష్కరించబడినది’ అన్న సందేశాలుగా నా ఫోనుకే తిరిగి వచ్చాయి. ఏం పరిష్కారమైందో చూద్దామని తెరిస్తే, కారు డీలరును సంప్రదించవలసిందని సలహా కనబడింది. నేను ఫిర్యాదు చేసిందే ఆ డీలరు మీద. అందుకే ఇక నలుగురి ముందూ పెట్టి రాస్తున్నాను. తమకు తీరిక దొరక్కపోయినా, నాలాంటి బండి ఉన్నవాళ్లయినా చదువుతారు.

ఈ20, అంటే మొక్కజొన్న, చెరకు వంటి పంటల నుంచి తీసే ఇథనాల్‌ను ఇరవై శాతం కలిపిన పెట్రోల్, ఎందుకు వచ్చిందో, దాని లక్ష్యం 2030 నుంచి 2025-26కు ఎలా ముందుకు జరిగిందో తమకు చెప్పవలసినవాణ్ణి కాను. నేను ఇథనాల్‌కు వ్యతిరేకినీ కాను. మా జిల్లాలో మొక్కజొన్న వేసే రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువ వస్తే సంతోషించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా గోడు అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: కంపెనీ వద్దని రాసిచ్చిన ఇంధనాన్ని, వేరే ఏదీ దొరకని పరిస్థితిలో, బండిలో పోయించుకున్నవాడికి నష్టం జరిగితే దానికి పూచీ ఎవరిది?

2021 చివర్లో నేను కొన్నది టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉన్న చిన్న ఎస్‌యూవీ. హ్యాండ్లింగ్ చార్జీలని, యాక్సెసరీల ప్యాకేజీ తప్పనిసరని, ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలని షోరూమువారు పెట్టిన తిప్పలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. ‘అయిదేళ్లు నిశ్చింతగా ఉండండి సార్’ అంటే నమ్మి, అదనపు వారంటీ కూడా డబ్బు కట్టి తీసుకున్నాను. ఆ కారుతో ఇచ్చిన యజమాని పుస్తకంలో, పది శాతం మించి ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడరాదని స్పష్టంగా ఉంది. పెట్రోల్ మూత తెరిస్తే లోపలి వైపున ఈ10 అని స్టిక్కరు కూడా ఉంది. ఏ వాహనం ఎంత శాతం ఇథనాల్‌ను తట్టుకుంటుందో తయారీదారే చెప్పాలని, అది కనబడేలా వాహనం మీద అంటించాలని నిబంధన పెట్టింది తమ శాఖే. ఎంతో మంచి నిబంధన. అయితే ఆ స్టిక్కరు మీద ఉన్న పెట్రోల్ ఇప్పుడు మా ఊళ్లో ఏ బంకులోనూ లేదు. పథ్యం చీటీ చేతిలో పెట్టి, ఊళ్లో ఉన్న ఒక్క హోటల్లోనూ ఆవకాయ అన్నం తప్ప మరొకటి వండకూడదని చాటింపు వేసినట్టుంది మా పరిస్థితి.

2025 వానాకాలంలో సూర్యాపేట వైపు వెళ్తుండగా కారు జెర్కులివ్వడం మొదలుపెట్టింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, ఎక్సలరేటర్ తొక్కినా బండి వేగం అందుకోలేదు. వెనుక లారీలు హారన్లు కొడుతుండగా రోడ్డు వారకు చేర్చేసరికి మా ఇంట్లోవాళ్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. టోయింగ్ చేయించి సర్వీసు సెంటర్‌కు చేర్చాం. మర్నాడు సర్వీస్ అడ్వైజర్ ఒక ఖాళీ నీళ్ల సీసాలో ట్యాంకు నుంచి తీసిన పెట్రోల్ పట్టి తెచ్చి, ట్యూబ్‌లైటుకు ఎదురుగా ఎత్తి చూపించాడు. పైన లేత పసుపు రంగు, అడుగున వేలెడు మందాన తెల్లగా మరో పొర. “చూశారా సార్, తప్పు మా కారుది కాదు, మీరు కొట్టించిన పెట్రోల్‌ది” అన్నాడు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుందని, నీరు ఒక హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయని ఎంతో ఓపికగా వివరించాడు కూడా. ఇంజిన్‌కు పెట్రోల్ అందించే హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు మార్చాలన్నాడు. సరే, వారంటీ ఉంది కదా అన్నాను. జాబ్ కార్డు మీద ‘బాహ్య కారణం, ఇంధన నాణ్యత, వారంటీ వర్తించదు’ అని రాసి ఉంది. మీరు ఇంతసేపూ ఇథనాల్ అనే కదా చెప్పారు, ఆ మాటే రాయండి అని అడిగితే, “అలా రాయడానికి మాకు సిస్టమ్‌లో ఆప్షన్ లేదు సార్” అన్నాడు.

అక్కడి నుంచి బంకుకు వెళ్లాను. ఆ మేనేజరు మర్యాదస్తుడు. డెన్సిటీ రిజిస్టరు తెరిచి చూపించాడు, నీరు తగిలితే రంగు మారే పేస్టును కొలకర్రకు రాసి భూగర్భ ట్యాంకులో ముంచి రంగు మారలేదని నిరూపించాడు. “మాకు వచ్చిందే పోస్తున్నాం, ఈ10 కావాలంటే నా దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు” అన్నాడు. ఆయన మాటలోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. డీలరు ప్రకారం తప్పు పెట్రోల్‌ది, బంకు ప్రకారం పెట్రోల్ నిక్షేపంలా ఉంది, కంపెనీ కస్టమర్ కేర్ ప్రకారం డీలరు నివేదికే అంతిమం. బిల్లు మాత్రం నాది. అరవై వేల పైచిలుకు కట్టి బండిని బయటకు తెచ్చుకున్నాను.

వాహన తయారీదారుల సంఘం ప్రతినిధులు 2025 ఆగస్టులో వారంటీలను గౌరవిస్తామని బహిరంగంగా అన్నారు కదా అని సర్వీసు మేనేజరుకు గుర్తు చేశాను. “అది పేపర్లో వచ్చింది సార్, మాకు సర్క్యులర్ రావాలి” అన్నాడు. మంత్రివర్యా, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నిజాయితీగా తోచిన మాట అదే. ప్రకటనలు మా కోసం, సర్క్యులర్లు వాళ్ల కోసం. ఆ సర్క్యులర్ ఇప్పించడం తమ చేతిలో పని కాదా?

2025 ఆగస్టులోనే పెట్రోలియం శాఖ ఒక వివరణ ఇచ్చింది. కొన్ని పాత వాహనాల్లో ఇరవై, ముప్పై వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని, అది చవకైన పనేనని, మామూలు సర్వీసింగులోనే అయిపోతుందని అందులో ఉంది. ఆ వివరణ రాసినవారు ఎవరో గానీ, ఈమధ్య కాలంలో కంపెనీ సర్వీసు సెంటర్ కౌంటరు దగ్గర నిలబడి ఉండరు. రబ్బరు పైపు ఒక్కటే ఇవ్వమని నేను అడిగాను. “పైపు విడిగా రాదు సార్, అసెంబ్లీ మొత్తం వస్తుంది” అన్నారు. అసెంబ్లీ స్టాకులో ఉండదు, అడ్వాన్సు కడితే ఆర్డరు పెడతారు, దాన్ని బిగించడానికి లేబరు వేరు, లేబరు మీద జీఎస్టీ వేరు. చవకైన భాగం ఏ దుకాణంలో చవకగా దొరుకుతుందో కూడా ఆ వివరణలోనే రాసి ఉంటే ఎంతో ఉపకారం చేసినవారయ్యేవారు.

ఇక మైలేజీ. తగ్గిందంతా ఇథనాల్ వల్లనే అని నేను అనను. టైర్లలో గాలి, ఏసీ, మా ఊరి రోడ్లు, అన్నిటికీ వాటా ఉంటుంది. కానీ ఈ10కు ట్యూన్ చేసిన పాత నమూనా నాలుగు చక్రాల వాహనాల్లో ఆరేడు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన మార్గసూచీలోనే ఉంది. అదే నివేదికలో ఇంకో రెండు మాటలు ఉన్నాయి. పాత వాహనాల రక్షణ కోసం ఈ10 పెట్రోల్‌ను 2025 దాకా అందుబాటులో ఉంచాలన్నది ఒకటి. శక్తి తక్కువ కనుక మిశ్రమ ఇంధనం ధర మామూలు పెట్రోల్ కన్నా తక్కువ ఉండాలన్నది రెండోది. నివేదికలో ఇరవై శాతం కలపాలన్న భాగం గడువుకు ముందే అమలైంది. మాకు రక్షణగా రాసిన భాగం కాగితం దాటలేదు. ధర ఎందుకు తగ్గలేదంటే, 2025 నాటికి ఇథనాల్ సేకరణ ధరే లీటరుకు 71 రూపాయలు దాటిందని, అది శుద్ధి చేసిన పెట్రోల్ కన్నా ఎక్కువని ప్రభుత్వం జవాబిచ్చింది. అర్థం చేసుకోగలను. లెక్క తారుమారైంది. తారుమారైన లెక్కలో తేడా ఎవరి జేబులోంచి పోవాలన్నది మాత్రం మమ్మల్ని అడగకుండానే తేల్చేశారు.

బ్రెజిల్‌ను చూడమంటారు. చూస్తే, అక్కడ 2003 నుంచి ఏ మిశ్రమంతోనైనా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు అమ్ముతున్నారు. వాటి యజమాని బంకు దగ్గర ధరలు చూసుకుని పెట్రోలా, ఇథనాలా అన్నది తానే నిర్ణయించుకుంటాడు. మాకు బంకు దగ్గర మిగిలిన స్వేచ్ఛ నగదా, ఫోన్‌పేనా అన్నంతవరకే. ఇథనాల్ కలపరని చెప్పుకునే నూరు ఆక్టేన్ పెట్రోల్ వాడుకోవచ్చు కదా అని సలహా ఇచ్చే మిత్రులున్నారు. అది కొన్ని పెద్ద నగరాల్లోని కొన్ని బంకుల్లోనే దొరుకుతుంది, ధర విన్నాక కారు కన్నా ఆటోయే నయమనిపిస్తుంది.

ఇంత ఖర్చూ పెట్టాక, ఈ తలనొప్పి ఎందుకు, అమ్మేద్దామనుకున్నాను. చూడటానికి వచ్చిన కుర్రాడు బానెట్ ఎత్తలేదు, టైర్లు తట్టలేదు. నేరుగా పెట్రోల్ మూత తెరవమన్నాడు. లోపలి స్టిక్కరును ఫోనుతో ఫొటో తీసుకుని, “ఈ10 అంకుల్, మావాళ్లతో మాట్లాడి చెప్తా” అని వెళ్లాడు, మళ్లీ రాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ పద్దెనిమిది శాతానికి దిగడంతో కొత్తవాటి ధరలే తగ్గి, పాతవాటి బేరం ఎలాగూ పడిపోయింది. పన్ను తగ్గించినందుకు తప్పు పట్టేంత అసూయ నాకు లేదు. కానీ స్టిక్కరు మీద అంకె చూసి తగ్గించే ధర వేరు. అది నేను చేసిన తప్పుకూ కాదు, బండి తిరిగిన కిలోమీటర్లకూ కాదు.

చివరకు నేను కొన్న షోరూములోనే ఎక్స్చేంజ్ అడిగాను. వాళ్ల పాత కార్ల విభాగంవారు కంప్యూటర్‌లో నా బండి చరిత్ర తెరిచి, ‘ఇంధన వ్యవస్థలో పెద్ద రిపేరు’ అని ఉంది కనుక ఇంతకన్నా ఇవ్వలేమని, నేను ఊహించిన దానికి చాలా దిగువన ఒక అంకె రాసిచ్చారు. ఆ రిపేరు చేసింది అదే ప్రాంగణంలో, అద్దం అవతలి హాల్లో. వారంటీ అడిగినప్పుడు కారులో లోపం లేదన్నవారే, వెల కట్టేటప్పుడు కారులో లోపం ఉందన్నారు. ఆ వెంటనే ‘పూర్తిగా ఈ20కి అనువైనది సార్’ అంటూ కొత్త మోడల్ బ్రోచరు నా ముందు పెట్టారు. 2025 ఆగస్టు నాటి ప్రకటన ప్రకారం ఈ20 మాట 2026 అక్టోబర్ 31 వరకే కదా, ఆ తరువాత శాతం ఇంకా పెరిగితే ఈ కొత్త కారు స్టిక్కరు సంగతేమిటని అడిగితే, సేల్స్ కుర్రాడు నవ్వి టీ తెప్పించాడు.

చట్టం ఉందిగా అంటారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, లోపం ప్రమాదకరమైనదై, యజమానుల్లో నిర్ణీత శాతం మంది ఫిర్యాదు చేస్తే ప్రభుత్వం రీకాల్‌కు, అంటే బళ్లను కంపెనీయే వెనక్కి పిలిపించుకోవడానికి, ఆదేశించవచ్చు. ప్రతి జాబ్ కార్డు మీదా ‘ఇంధన నాణ్యత’ అనే రాస్తుంటే అది కారు లోపంగా లెక్కకు వచ్చేది ఎప్పుడు? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అక్కడ నమూనాను ప్రయోగశాలకు పంపాలంటారు, ఆ ఫీజు నన్నే కట్టమనవచ్చు. సీసాలోని నమూనానేమో సర్వీసు సెంటర్‌వారు ఏనాడో పారబోశారు. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టివేసింది కనుక ఆ తలుపూ మూసుకుంది. మిగిలింది తమ తలుపే.

తమను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఈ20 వల్ల గానీ, అందులో చేరిన తేమ వల్ల గానీ పాడైన భాగానికి వారంటీ నిరాకరించరాదని తమ శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి, పత్రికా ప్రకటన కాదు, ఉత్తర్వు. జాబ్ కార్డులో ‘ఇంధన నాణ్యత’ అని రాసే డీలరు, నమూనాను సీలు వేసి యజమానికి ఇవ్వాలి, పరీక్ష ఖర్చు తానే భరించాలి. ప్రతి పట్టణంలో ఒక్క బంకులోనైనా ఈ10 దొరికేలా పెట్రోలియం శాఖతో మాట్లాడాలి. అది కుదరదంటే ధరైనా తగ్గించాలి. అదీ కుదరదంటే, 2023కు ముందు కారు కొన్నవాళ్లంతా సొంత ఖర్చుతో ఏర్పాట్లు చేసుకోవలసిందేనని అయినా ఒక కాగితం మీద సంతకం చేసి ఇవ్వండి. కనీసం బండిని ఏ ధరకు వదిలించుకోవాలో మాకు తేలుతుంది.

ఒక్క మనవి. ఈ లేఖ తమ కార్యాలయానికి చేరితే దయచేసి దీన్ని మరో శాఖకు పంపవద్దు. అది మళ్లీ డీలరు దగ్గరికే వస్తుంది.

ఇట్లు,
ఈ10 స్టిక్కరు గల ఒక కారు యజమాని,
ఖమ్మం