కొత్తవాళ్ళ కోసమని అమ్మిన మీ కంట్రోలర్ మీద నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి, అంతకంటే ముఖ్యంగా ఈ కంట్రోలర్ డిజైన్ చేసిన టీమ్‌కి,

నమస్తే. పెట్టె మీద పెద్ద అక్షరాలతో "మొదటిసారి ఆడేవాళ్ళ కోసం" అని వేసి మీరు అమ్ముతున్న గేమ్ కంట్రోలర్ గురించి రాస్తున్నాను. వస్తువు పాడైందని కాదు. బటన్లన్నీ పనిచేస్తున్నాయి, ఛార్జింగ్ బాగానే నిలుస్తోంది, బ్లూటూత్ మధ్యలో తెగిపోవడం లేదు. నా గొడవల్లా ఒకటే: మొదటిసారి ఆడేవాళ్ళ కోసమని మీరు ఇందులో మార్చింది ఏమీ లేదు. రంగులు వేశారు, సైజు కాస్త తగ్గించారు, అంతే. మీ మామూలు మోడల్ నా దగ్గర ఎప్పటినుంచో ఉంది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. బొటనవేళ్ళతో తిప్పే అవే రెండు స్టిక్కులు, కుడివైపు అవే నాలుగు బటన్లు, ఎడమవైపు ప్లస్ ఆకారంలో దిక్కుల బటన్, పైన రెండు బంపర్లు, వాటి కింద రెండు ట్రిగ్గర్లు, మధ్యలో ఏది ఎందుకో తెలియని చిన్న బటన్లు. ఇవి తగ్గించకపోగా వెనకవైపు ఇంకో రెండు, నొక్కినదాన్నే గబగబా మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు చేసే టర్బో అని మరొకటి కలిపారు. పాతవాళ్ళకు ఇచ్చినదానికంటే కొత్తవాళ్ళకు ఎక్కువ బటన్లు ఇవ్వడం ఎలా సబబు అనిపించిందో నిజంగా నాకు అర్థం కాలేదు.

ఇది కొన్నది మా అక్క కోసం. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని చూడటం తనకు ఇష్టం. కథ ఎటు పోతుందో నాకంటే ముందే పట్టేస్తుంది, ఎక్కడైనా పజిల్ వచ్చి నేను ఇరుక్కుంటే "ముందు ఆ మీట లాగి చూడు" అంటుంది, చాలాసార్లు అదే కరెక్ట్ అవుతుంది. అంటే ఆటలంటే ఆసక్తి లేక కాదు, బుర్ర లేక అసలే కాదు. ఆ బటన్ల గుంపు చూస్తేనే "ఇది నావల్ల కాదు" అని పక్కన పెట్టేసేది. మీ పెట్టె మీద రాసింది చూసి, ఇదైతే తనకు సరిపోతుందని తెచ్చాను.

పెద్ద తొందరేమీ లేని ఆట ఒకటి పెట్టాను, శత్రువులు లేరు, టైమ్ లేదు, ఊరికే ఒక పాత ఇంట్లో తిరిగి చూడటమే. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో చూపు తిప్పాలి. ఆడటం అలవాటైన మనకు ఇది రెండు పనులని కూడా తోచదు, కానీ కొత్తవాళ్ళకు మొదటి గోడ ఇక్కడే. తలుపు వైపు వెళ్దామని ఎడమ స్టిక్ తోసింది, పాత్ర పోయి గోడకు ఆనుకుంది. తిరగాలంటే కుడి స్టిక్ తిప్పమన్నాను, కెమెరా నేరుగా పైకప్పు వైపు లేచింది. దాన్ని దింపబోతే నేల కనిపించింది, తలుపు ఎటుందో పూర్తిగా తప్పిపోయింది. టెన్షన్‌లో ఎవరైనా చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటారు కదా, అలా పట్టుకునేసరికి వెనక మీరు పెట్టిన బటన్ మధ్యవేలి కింద నొక్కుకుపోయి మెనూ తెరుచుకుంది. మెనూ నేనే మూసి ఇచ్చాను. మళ్ళీ స్టిక్ కాస్త బలంగా తోసింది, అది లోపలికి క్లిక్ అయ్యి పాత్ర కిందికి వంగి కూర్చుంది. ఎందుకు కూర్చుందో తనకు తెలీదు, ఎలా లేపాలో తెలీదు. ఈలోగా స్క్రీన్ మీద "ఆర్3 నొక్కండి" అని వచ్చింది. కంట్రోలర్ అటూ ఇటూ తిప్పి వెతికింది. ఆర్1 అని రాసుంది, ఆర్2 అని రాసుంది, ఆర్3 ఎక్కడా లేదు. ఆ కుడి స్టిక్కునే లోపలికి నొక్కాలి, దాని పేరే ఆర్3 అని నేను చెప్తే, "తిప్పేదాన్ని నొక్కాలని ఎలా తెలుస్తుంది, ఎక్కడైనా రాశారా?" అని అడిగింది. రాయలేదు. కంట్రోలర్ మీద లేదు, పెట్టెలో వేసిన మడత కాగితం మీద కూడా లేదు. ఆ కాగితం నిండా వారంటీ షరతులే ఉన్నాయి.

దీని గురించి ఇంతకుముందే మీ కస్టమర్ కేర్‌కి రాశాను. ఆడుతూ ఉంటే అలవాటైపోతుందని, బటన్లు మార్చుకోవాలంటే మీ యాప్ వాడమని జవాబొచ్చింది. అలవాటు చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఈ మోడల్ ఎందుకండీ? మామూలుదే కొనుక్కుంటారు కదా. ఇక ఆ యాప్ సంగతి చెప్తాను. ముందు అకౌంట్ తెరవాలి, ఫోన్‌కి జత చేయాలి, ఆ తర్వాత వచ్చే లిస్టులో ఎల్3, ఆర్3, ఎమ్1, ఎమ్2 అని ఉంటాయి. ఎల్3 అంటే ఏమిటో తెలియని మనిషి అందులో ఏం మార్చుకోగలదు? వెనక బటన్లకు వేరే పని అప్పజెప్పొచ్చు గానీ, అసలు ఏ పనీ వద్దు, ఆపేయ్ అని చెప్పే దారి లేదు. తిప్పలు పడి అంతా సరిచేసి పెట్టినా, కంట్రోలర్‌ని ఇంకో కంప్యూటర్‌కి కలపగానే మళ్ళీ మొదటికొస్తోంది, ఎందుకంటే ఆ మార్పులు కంట్రోలర్‌లో కాకుండా ఫోన్‌లో దాచుకుంటున్నారు.

ఇన్ని బటన్లు ఒక్కరోజులో వచ్చి పడలేదని మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చెప్తాను, ఎందుకంటే ఈ మోడల్ చూస్తే మీ టీమ్ ఆ సంగతి మర్చిపోయిందనిపిస్తోంది. 1977లో అటారీ 2600 అనే గేమ్ మెషీన్ వచ్చినప్పుడు ఒక కర్ర, ఒక బటన్, అంతే. 1983లో జపాన్‌లో నింటెండో ఫామికామ్ వచ్చింది, దిక్కులకు ప్లస్ ఆకారపు బటన్, ఏ, బీ, మధ్యలో స్టార్ట్, సెలెక్ట్. ఆ ప్లస్ బటన్ అంతకు ముందు సంవత్సరమే నింటెండో ఇంజనీర్ గున్‌పేయ్ యొకోయ్, చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేమ్ కోసం తయారుచేసింది. 1990లో సూపర్ ఫామికామ్‌తో ఏ, బీ పక్కన ఎక్స్, వై చేరాయి, కంట్రోలర్ పై అంచున రెండు బటన్లు వచ్చాయి. తర్వాత ఆటలు త్రీడీలోకి మారాయి, నడవడంతో పాటు చూపు తిప్పడం కూడా ఆడేవాళ్ళ పనైంది, 1997లో సోనీ డ్యూయల్‌షాక్‌లో రెండు స్టిక్కులు, అవి నొక్కితే రెండు బటన్లు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, నేను కాదనను. కానీ ఆ కాలంలో ఆడుతూ పెరిగినవాళ్ళు ఒక్కో బటన్ వచ్చినప్పుడల్లా ఒక్కోటి నేర్చుకున్నారు. ఈరోజు మొదలుపెట్టే మనిషికి ఇరవై ఏళ్ళ పాఠం ఒకే పూటలో నేర్చుకో అంటున్నాం. అఆలు దిద్దుతున్నవాళ్ళ చేతిలో పద్యాల పుస్తకం పెట్టి చదవమన్నట్టు ఉంది.

బటన్ల పేర్లదీ ఇదే కథ. ఎక్స్ బటన్ నింటెండోలో పైన ఉంటుంది, ఎక్స్‌బాక్స్‌లో ఎడమ పక్కన ఉంటుంది, ప్లేస్టేషన్‌లో చూడటానికి అలాగే ఉండే గుర్తు కింద ఉంటుంది. ఏ, బీ సంగతీ అంతే, ఒకరి దగ్గర కుడివైపున్నది ఇంకొకరి దగ్గర కిందికొస్తుంది. ప్లేస్టేషన్‌లో అయితే సరే అనడానికి జపాన్‌లో సున్నా, మిగతా చోట్ల చాలావరకు ఎక్స్ ఆకారం నడిచాయి, 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చాకే అంతటా ఒకటైంది. ఈ తలనొప్పి మీరు తెచ్చింది కాదు, ఒప్పుకుంటాను. కానీ కొత్తవాళ్ళ కోసమని చేసిన దాంట్లో మీరు ఏం చేశారు? రెండు మోడ్‌లు పెట్టారు. ఒక చిన్న బటన్‌తో పాటు స్టార్ట్ నొక్కి పట్టుకుంటే లైటు రంగు మారి ఏ, బీలు తారుమారవుతాయి, కానీ బటన్ల మీద అచ్చు వేసిన అక్షరాలు ఎక్కడివక్కడే ఉంటాయి. అక్క పొరపాటున ఆ రెండూ కలిపి నొక్కింది, ఇక అప్పటినుంచి స్క్రీన్ మీద ఏ నొక్కమంటే ఏ నొక్కుతున్నా వెనక్కి పోతోంది. తప్పు తనదే అనుకుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కోపం వచ్చింది ఇక్కడే. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి, తనకే చేతకాదనుకునేలా చేసింది మీ వస్తువు.

తేలిక చేయడం కుదరని పని కాదు, చేసి చూపించినవాళ్ళున్నారు. 2006లో నింటెండో, వీ (Wii) అనే గేమ్ మెషీన్ కంట్రోలర్‌ని టీవీ రిమోట్ ఆకారంలో తెచ్చింది, ఒంటి చేత్తో పట్టుకుని బంతి విసిరినట్టు చెయ్యి ఊపితే చాలు. జన్మలో ఆట జోలికి పోని పెద్దవాళ్ళు కూడా లేచి నిలబడి బౌలింగ్ ఆడారు, ఆ మెషీన్లు పది కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అలాగని బటన్లు మొత్తం తీసిపారేయమని నేను అనట్లేదు. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్‌తో అదే చేసింది, చేతిలో ఏమీ ఉండదు, నీ ఒళ్ళే కంట్రోలర్ అంది. మొదట్లో బాగా అమ్ముడైంది, కానీ చివరికి 2017లో తయారీయే ఆపేశారు. ఏమీ లేకపోతే మెల్లగా నడవడం, ఆగడం, గురి పెట్టడం లాంటివి కష్టం, చేతికి ఏదో ఒకటి తగలాలి. నాకు బాగా నచ్చింది 2017లో నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ మీద వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్ పద్ధతి. కంట్రోలర్‌లో సగం తీసి పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు, ఒక స్టిక్, వేళ్ళకు అందే కొన్ని బటన్లు. బండి రోడ్డు మీంచి పడిపోకుండా ఆటే చూసుకునే సెట్టింగ్ ఉంది, యాక్సిలరేటర్ దానంతటదే నొక్కుకునే సెట్టింగ్ ఉంది. అవి పెట్టుకున్నవాళ్ళూ పెట్టుకోనివాళ్ళూ ఒకే రేసులో ఆడొచ్చు, ఎవరి ఆటా చెడిపోదు.

ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్నవాళ్ళు కొందరు, బటన్లు తగ్గిస్తే ఆటల్లో పస పోతుందంటారు. నేనూ ఆ బాపతే, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో దిక్కులు కాకుండా ఆటకు వాడేవి రెండే బటన్లు కదా, పరుగుకి ఒకటి, గెంతుకి ఒకటి. దాన్ని ఇప్పటికీ పోటీలు పడి ఆడుతున్నారు. లోతు ఆటలో ఉంటుంది, వేళ్ళ కింద ఉండే ప్లాస్టిక్ లెక్కలో కాదు. పైగా నా కంట్రోలర్ మార్చమని నేను అడగట్లేదు, మీ మామూలు మోడల్ ఉన్నది ఉన్నట్టే ఉంచండి. కొత్తవాళ్ళ కోసమని పేరు పెట్టినదాన్ని మాత్రం కొత్తవాళ్ళ కోసం చేయండి.

వికలాంగుల కోసం ఈ పని ఎంత శ్రద్ధగా చేశారో చూడండి. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌లో అరచేత్తో నొక్కగలిగే రెండు పెద్ద బటన్లున్నాయి, వెనక 19 సాకెట్లున్నాయి, ఎవరికి ఏ స్విచ్ వీలైతే అది తగిలించుకోవచ్చు. 2023లో సోనీ కూడా యాక్సెస్ అని ఒకటి తెచ్చింది. మనిషిని బట్టి కంట్రోలర్ మారాలి అన్న ఒక్క మాట పట్టుకుని చేసినవి ఇవి. ఎక్స్‌బాక్స్‌లో 2017లో కోపైలట్ అనే పేరుతో ఇంకో సదుపాయం వచ్చింది, రెండు కంట్రోలర్లు కలిసి ఒకే పాత్రను నడుపుతాయి. మా అక్కకు ఇది దొరికితే నడక తను చూసుకుంటుంది, కెమెరా నేను చూసుకుంటాను, కొన్నాళ్ళకు ఆ స్టిక్ కూడా తన చేతికే ఇచ్చేస్తాను. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకైతే కనిపించట్లేదు.

ఇక మీరు చేయాల్సింది. ఇప్పటికే అమ్మిన వాటికి ఒక ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇవ్వండి, వెనక బటన్లు, టర్బో, స్టిక్ నొక్కుడు పూర్తిగా ఆపేసుకునే వీలు అందులో ఉండాలి, ఫోన్ లేకుండా కంట్రోలర్ మీదే జరగాలి, దేనికి కలిపినా అలాగే గుర్తుండాలి. ఏ, బీలు తారుమారు చేసే ఆ షార్ట్‌కట్ పొరపాటున తగలని చోటికి మార్చండి. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌తో అయ్యేవే, కొత్త అచ్చులు పోయాల్సిన పని లేదు. తర్వాత తెచ్చే మోడల్‌లో వెనక బటన్లు తీసేయండి, నాలుగు ముఖ్య బటన్లు వేలితో తడిమితే తేడా తెలిసేలా ఒక్కోటి ఒక్కో ఆకారంలో ఉంచండి, స్టిక్ నొక్కొచ్చని దాని పక్కనే అచ్చు వేయండి, మధ్యలోని చిన్న బటన్ల మీద అడ్డగీతలూ చదరాలూ కాకుండా మెనూ, మ్యాప్ లాంటి మాటలు రాయండి. పెట్టెలో వారంటీ కాగితం కాకుండా, ఏ వేలు ఎక్కడ పెట్టాలో బొమ్మతో చూపించే ఒక్క పేజీ పెట్టండి. రెండు కంట్రోలర్లు కలిసి ఒకటిగా పనిచేసే మోడ్ కంప్యూటర్ కోసం మీరు తెస్తే, రెండోది కూడా మీ దగ్గరే కొంటాను.

ఆ అప్‌డేట్ ఇస్తారా ఇవ్వరా, ఇస్తే ఎప్పటికి, అది చెప్పండి చాలు. అలవాటైపోతుందన్న జవాబు మాత్రం మళ్ళీ పంపకండి. ఇవ్వలేమంటే కంట్రోలర్ వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగి ఇవ్వండి, పెట్టె మీది ఆ మాట కూడా తీసేయండి, దాన్ని నమ్మి ఇంట్లోవాళ్ళ కోసం కొనేవాళ్ళు ఇంకా ఉంటారు. బిల్లు, సీరియల్ నంబర్ ఉన్న ఫోటో ఈ ఉత్తరంతో జత చేశాను.

ఇట్లు,
మీ కస్టమర్