ఫిర్యాదు: 1819 నాటివని అమ్మిన వెండి చెంచాలు 1899 నాటివి, గరిటె వెండిదే కాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. "మూడో జార్జ్ కాలం, లండన్, 1819, ఈలీ అండ్ ఫెర్న్ తయారీ" అని రాసి మీరు అమ్మిన ఆరు టేబుల్ స్పూన్లు, "18వ శతాబ్దపు స్టెర్లింగ్ గరిటె" అందాయి. చెంచాలు వెండివే, లండన్‌వే. కానీ వాటి వయసు మీరు చెప్పినదానికంటే 80 ఏళ్లు తక్కువ. గరిటెలో వెండి పైపూత వరకే.

నా మొదటి మెయిల్‌కు మీ నిపుణుడు ఇచ్చిన జవాబు: "చిన్న డి అక్షరం పట్టికలో 1819కి సరిపోయింది, యాసిడ్ పరీక్షలో 925 వచ్చింది." ఈ రెండూ 1819ని రుజువు చేయవు. 1819లోనూ 1899లోనూ స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్ల వెండే. గీటురాయి లోహాన్ని చెబుతుంది, కాలాన్ని చెప్పదు. ఇక అక్షరం సంగతి. అది ఏ ఏడాది ముద్ర వేశారో చెప్పే గుర్తు. లండన్‌లో ఆ రోజుల్లో ఏడాదికొకటి చొప్పున 20 అక్షరాలు వాడి, లిపి మార్చి మళ్లీ మొదలుపెట్టేవారు. మామూలు రోమన్ చిన్న డి 1779లో ఉంది, 1819లో ఉంది, 1899లోనూ ఉంది. ఏది మనదో పక్కనున్న ముద్రలే తేల్చాలి.

పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్ (చిన్న భూతద్దం) పట్టుకుని, దీపం పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి కాడ వెనుక చూడండి. జత చేసిన మొదటి ఫొటో అలా తీసిందే. అందులో నాలుగే ముద్రలున్నాయి: చిరుత తల (లండన్ గుర్తు), నడిచే సింహం (స్టెర్లింగ్ గుర్తు), డి, తయారీదారు ముద్ర. 1819 చెంచా అయితే అయిదోది, రాజు తల, ఉండి తీరాలి. అది సుంకం కట్టినట్టు గుర్తు. 1784 డిసెంబరు నుంచి 1890 వరకు వేశారు. పైగా ఈ చిరుత నెత్తిన కిరీటం లేదు. లండన్ చిరుతకు కిరీటం తీసేసింది 1821లో. సింహం కూడా మనవైపు తిరిగి లేదు, ముందుకు చూస్తోంది; అదీ 1821 తర్వాతి తీరే. రాజు తల లేదు కాబట్టి 1819 కాదు, కిరీటం లేదు కాబట్టి 1779 కూడా కాదు. ఈ మూడింటిలో మిగిలింది 1899.

తయారీదారు పేరు విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగింది. విలియం ఈలీ, విలియం ఫెర్న్ అనే వెండి పనివారి ముద్రలో ఇద్దరి పొడి అక్షరాలూ కలిపి నాలుగు అక్షరాలుండాలి. ఈ చెంచాల మీద ఒక్క "డబ్ల్యూ" తప్ప ఏదీ చదవడానికి లేదు. ఆ ఒక్క అక్షరంతో ఎవరి పేరూ చెప్పకూడదు. మీ లిస్టింగ్ ఫొటోలో ముద్రల గుంతల్లో నలుపు నిలిచి, రెండో అక్షరం అంచు కనిపిస్తోంది. నాకు వచ్చినప్పుడు అది లేదు. పంపేముందు చక్రం మీద మెరుగు పెట్టించారు. మెరుగు చక్రం మురికిని మాత్రమే తీయదు, లోహాన్నీ తింటుంది. ముద్ర అంచులు సబ్బుబిళ్ల అంచుల్లా గుండ్రంగా అరిగిపోతాయి. పోయిన అక్షరం ఇక రాదు. దయచేసి ఏ పాత వెండికీ ఇలా చేయకండి. మెత్తటి గుడ్డ, గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు.

గరిటె వెనుక నాలుగు చిన్న గడుల్లో ఉన్నవి హాల్‌మార్కులు కావు: ఈ, పి, ఎన్, ఎస్. అంటే నికెల్ సిల్వర్ (వెండి లేని జర్మన్ సిల్వర్) మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు ఆ పూతకు పేటెంటు తీసుకున్నది 1840లో. దాన్ని 18వ శతాబ్దంలో ఎవరు చేస్తారు? గరిటె అడుగున, బల్లకు రాసుకునే చోట, పూత పోయి పసుపు ఛాయ లోహం బయటపడింది కూడా.

నేను కోరేది ఇది. రెండు వస్తువులకూ పూర్తి సొమ్ము, రానుపోను కొరియర్ ఖర్చు 15 రోజుల్లో వాపసు చేయండి. వీటిని మళ్లీ అమ్మకానికి పెడితే "లండన్, 1899, తయారీదారు తెలియదు" అనీ, "వెండి పూత" అనీ రాయండి. ఇకపై ప్రతి లిస్టింగ్‌లో ముద్రలన్నీ ఒకే ఫ్రేములో కనిపించే ఫొటో పెట్టండి. గడువులోగా జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

జతపరచినవి: బిల్లు నకలు, లిస్టింగ్ స్క్రీన్‌షాట్, ఏడు ఫొటోలు.

ఇట్లు,
కొనుగోలుదారు