కాగ్నిటివ్ సైకాలజీ అంటే వైద్యం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ చదువుల పేజీలో కాగ్నిటివ్ సైకాలజీ అన్న పేరుకెదురుగా 'మానసిక రోగులకు చికిత్స' అని వేశారు. ఉండబట్టలేక రాస్తున్నాను. మా అమ్మాయి విశాఖలోనే ఎమ్మే సైకాలజీ చదువుతోంది. ఆ మాట చెప్పగానే "చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలో ఉద్యోగానికా?" అంటున్నారు మా వీధివాళ్లు. అక్కడి ఉద్యోగం గౌరవమైనదే. కానీ మా అమ్మాయి ఇష్టపడి చదువుతున్న కాగ్నిటివ్ సైకాలజీ వేరు. అది మనసు ఎలా పనిచేస్తుందో చూసే శాస్త్రం.

సిటీ బస్సులో ఇరవై తొమ్మిదేళ్లు కండక్టరుగా చేశాను. నా పనిని పట్టుకునే మా అమ్మాయి నాకు విడమరిచి చెప్పింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కిక్కిరిసిపోయేది. చిల్లర లేక ఒకరికి మూడు రూపాయలు, ఇంకొకరికి ఎనిమిది బాకీ పడేవాణ్ని. నలుగురిదాకా నోటిమీదే ఉండేది. ఐదోవారు వచ్చారా, మొదటివారిది ఎగిరిపోయేది. అందుకే టికెట్ వెనక రాసిచ్చేవాళ్లం. మనసు ఒక్కసారిగా ఎన్నింటిని పట్టి ఉంచగలదన్న ప్రశ్నకు 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 'ఏడు, అటూ ఇటూగా రెండు' అన్నాడట. తర్వాతి పరిశోధకులు నాలుగు దగ్గరే ఆగారు. నా బస్సు లెక్క వీళ్లతోనే కలుస్తుంది! అంత గోలలోనూ వెనక సీట్లో ఎవరైనా నా పేరు అంటే ఠక్కున వినబడేది. అదెలాగన్నదీ వీళ్లు పరిశోధించే విషయమే.

కంటికీ చెవికీ అందినది మనసులో ఏమవుతుంది, ఎంత నిలుస్తుంది, ఎంత జారిపోతుంది, అవసరానికి ఎలా తిరిగొస్తుంది: ఈ శాస్త్రం చూసేది ఇదీ. ఈ శాస్త్రం రాకముందు అమెరికాలో చాలాకాలం పైకి కనిపించే ప్రవర్తననే కొలవాలని పట్టుబట్టారు. 1967లో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పేరుతోనే పుస్తకం రాశాక ఇదొక శాఖగా నిలదొక్కుకుంది.

ఇది మనకు పనికొచ్చే చదువు. పాఠాన్ని పదేపదే చదవడంకన్నా, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుని రాస్తే ఎక్కువ రోజులు నిలుస్తుందని ప్రయోగాల్లో తేలింది. పదో తరగతి పరీక్షలకు అర్ధరాత్రిదాకా కూర్చునే పిల్లల తల్లిదండ్రులకు ఈ సంగతి మీ పేజీ చెప్పాలి కదా.

దయచేసి సవరణ వేయండి. ఇంటర్ అయిన పిల్లలు ఆ పేజీ చూసే కోర్సు ఎంచుకుంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టర్,
మద్దిలపాలెం, విశాఖపట్నం