ఖాళీ కడుపుతో పరుగు: సగం చెప్పి ఊరుకుంటే ఎలా?

ఎడిటర్ గారికి,

పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి పరుగెత్తితే కొవ్వు బాగా కరుగుతుందని మీ ఆదివారం అనుబంధంలో రాశారు. అబద్ధమేమీ కాదు, కానీ సగమే చెప్పారు. చెప్పని సగం ఏమిటో పోయిన నెల ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు నా కళ్లతో చూశాను.

మా బావమరిదికి షుగర్ ఉంది, దానికి గ్లిమెపిరైడ్ అనే మాత్ర వాడతాడు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్లు పరుగెత్తాలని పట్టుబట్టి, రాత్రి ఏడింటికే భోజనం ముగించి, పొద్దున అయిదున్నరకు టిఫిన్ లేకుండానే అలవాటు కొద్దీ మాత్ర వేసుకుని నాతో బయల్దేరాడు. అయిదో కిలోమీటరు దగ్గర మాటలు తగ్గాయి. ఏమైందిరా అంటే "ఏం లేదు బావా" అంటాడు, చూస్తే చేతులు వణుకుతున్నాయి, చల్లటి చెమటలు, షూ లేసు కట్టుకోబోయి కట్టిన ముడినే విప్పి మళ్లీ కడుతున్నాడు. పక్కనే టీ బండి ఉండబట్టి సరిపోయింది. నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించాం. పావుగంటకు తేరుకుని అడిగిన మొదటి మాట, "నా టైమింగ్ పోయిందా బావా?"

ఆ మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదు, రక్తంలో షుగర్‌ని తగ్గించే ఇన్సులిన్‌ని బయటికి నెడుతూనే ఉంటుంది, అందుకే టిఫిన్‌తో వేసుకోమంటారు. లివర్‌లో దాచుకునే గ్లైకోజన్, అంటే నిల్వ గ్లూకోజ్, సుమారు 100 గ్రాములే, అందులో చాలా భాగం రాత్రి నిద్రలోనే మెదడుకీ మిగతా అవయవాలకీ ఖర్చయిపోతుంది. కండరాల్లో దానికి నాలుగైదు రెట్లు ఉన్నా, అవి తమ వాటా తామే వాడుకుంటాయి తప్ప రక్తంలోకి గ్లూకోజ్‌గా వదలవు. ఇక పైనుంచి మాత్ర, కింద పరుగు, రక్తంలో షుగర్ పడిపోక ఏం చేస్తుంది!

షుగర్ లేనివాళ్ల సంగతి వేరు. ఖాళీ కడుపున ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ గంటసేపు కొవ్వు ఎక్కువ ఖర్చవడం నిజమే. కానీ మిగతా రోజంతా లెక్కలో ఉంటుంది కదా, పొద్దున ఎక్కువ కరిగితే తర్వాత తక్కువ కరుగుతుంది, చివరికి మొత్తం ఎంత తిన్నాం ఎంత ఖర్చు చేశాం అన్న దగ్గరికే వస్తుంది. చైనాలో ఊబకాయం ఉన్న 139 మందికి ఏడాదిపాటు కేలరీలు ఒకేలా తగ్గించి, అందులో కొందరిని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినమన్నారు. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో తేల్చారు. అది పరుగు మీద చేసిన పరీక్ష కాదనుకోండి, అయినా గడియారం ఒక్కటే బరువు తగ్గించదని తెలుస్తోంది.

నేనూ వారానికి రెండు రోజులు ఏమీ తినకుండానే పరుగెత్తుతాను, ఆరు కిలోమీటర్లు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. హాయిగా ఉంటుంది. ఫ్లైఓవర్లు ఎక్కే రోజున, దూరం వెళ్లే రోజున మాత్రం అరటిపండు తినాల్సిందే, వేగం పెరిగితే కండరాలకు పిండిపదార్థం కావాలి, కొవ్వు అంత త్వరగా శక్తినివ్వదు. మూడు కిలోలు తగ్గాను, నిజం చెప్పాలంటే అందులో ఎక్కువ భాగం రాత్రి పదింటి బిర్యానీ మానేసినందుకు. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండేది, ఆ రోజు ఎండలో ఎక్కువ పని పెట్టుకునేది కాదు. ఎవరూ పత్రికలో చదివి చెప్పలేదు ఆమెకు.

కాబట్టి ఈసారి ఇలాంటివి వేసేటప్పుడు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా చేయొద్దని పైనే, పెద్దక్షరాల్లో వేయండి, చివరి లైన్లో కాదు. మావాడు ఇప్పుడు ముందు డాక్టర్ దగ్గరికెళ్లి మాత్ర వేళ మార్పించుకున్నాడు, జేబులో చక్కెర పొట్లం లేనిదే గేటు దాటడు. అది చెమటకు తడిసి కరిగిపోతోందని మా చెల్లెలు గొణుగుతోంది.

ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్