ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి

అమ్మను నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. వారం రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ పనుల్లో పడిపోతాను.

ముందు ఆ సిస్టర్ గురించే చెప్పాలి. క్యాజువాలిటీకి చేరేసరికే అమ్మ రెండుసార్లు రక్తం కక్కుకుంది. బీపీ పడిపోతోందని అందరూ పరుగులు పెడుతున్నారు. ఆ హడావిడిలో ఆవిడ అమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "కళ్ళు పచ్చబడ్డాయి, ఎప్పటినుంచక్కా? ఈమధ్య లివర్‌కి ఏమైనా చేయించారా?" అని అడిగారు. పదకొండు రోజుల కిందట బయాప్సీ, అంటే సూదితో లివర్ నుంచి చిన్న ముక్క తీసే పరీక్ష, చేశారని చెప్పాను. వెంటనే వెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని పిలుచుకొచ్చారు. అంతవరకూ ఆ ముక్క మమ్మల్ని ఎవరూ అడగలేదు.

రక్తనాళాలను చూపించే స్కాన్, సీటీ యాంజియోలో బయటపడింది. బయాప్సీ సూది వెళ్ళిన దారిలో లివర్ ధమని కొమ్మ ఒకటి దెబ్బతిని, చిన్న బుడగలా ఉబ్బి, పక్కనున్న పిత్తనాళంలోకి పగిలిందట. ఇలా పిత్తనాళంలోకి రక్తం కారడాన్ని హీమోబీలియా అన్నారు. ఆ రక్తం పేగులోకి దిగితే నల్లటి విరేచనాలు, గడ్డకట్టి నాళానికి అడ్డుపడితే నొప్పి, కామెర్లు. తెల్లవారుజామున తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, కారుతున్న కొమ్మను కాయిల్స్‌తో, అంటే సన్నటి తీగ చుట్టలతో, మూసేశారు. కొమ్మ మూసేస్తే లివర్ ఏమైపోతుందోనని నేను హడలిపోతే, లివర్‌కి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర నుంచే వస్తుంది, తట్టుకుంటుందమ్మా అని డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. మర్నాడు ఈఆర్‌సీపీ, అంటే నోట్లోంచి గొట్టం పంపి పిత్తనాళంలోకి వెళ్ళే ప్రొసీజర్, చేసి నాళంలోని గడ్డలు తీశారు.

కాయిల్స్ వేసిన ఆ ఉదయం సిస్టర్ డ్యూటీ ఎనిమిదికే అయిపోయింది. అమ్మను బయటికి తెచ్చేసరికి తొమ్మిది దాటింది. చూస్తే ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు, భుజాన బ్యాగుతో. ఆ బ్యాగు పక్కన పెట్టి, తడి దూదితో అమ్మ గోళ్ళ సందుల్లో ఎండిపోయిన రక్తాన్ని ఒక్కో వేలూ పట్టుకుని తుడిచారు. "మెలకువ వచ్చాక ఇది చూసుకుంటే భయపడతారక్కా" అన్నారు. రాత్రంతా ఒక్క చుక్క కన్నీరు రానిదాన్ని, అప్పుడు గోడకానుకుని ఏడ్చేశాను. ఆవిడ పేరైనా అడగలేదు. సిస్టర్, మీరు ఇది చదివితే మా అమ్మ చేతులు శుభ్రంగా ఉన్నాయి, నిన్న తనంతట తానే తల దువ్వుకుంది.

తమ్ముడు, మా ఆయన, అత్తయ్య పడ్డ శ్రమ వేరే చెప్పక్కర్లేదు.

ఒక బాధ మాత్రం చెప్పకుండా ఉండలేను. బయాప్సీ చేసినచోట "ఇరవై నాలుగు గంటలు గడిస్తే ఇక భయం లేదు" అని పంపేశారు. రోజుల తర్వాత కూడా రక్తస్రావం కావచ్చని డిశ్చార్జ్ కాగితంలో ఒక్క వాక్యం లేదు. నొప్పి వచ్చినప్పుడు ఒకచోట గ్యాస్ అన్నారు. మలం నల్లగా వస్తోందంటే ఇంకోచోట ఎండోస్కోపీ చేసి, పుండు లేదు పొమ్మన్నారు. ఈ రక్తం ఆగి ఆగి కారుతుందట, ఆ రోజు కనిపించలేదు. అమ్మకు నొప్పి, నల్లటి విరేచనం, కామెర్లు మూడూ వచ్చాయి గానీ ఒక్క రోజున రాలేదు, అందుకని ఎవరూ కలిపి చూడలేదు. క్వింకే అనే డాక్టర్ ఈ మూడింటి గురించి 1871లోనే రాశారట. ఫైలు చేతిలో పట్టుకునే తిరిగాను కదా, పాత పేజీ తిప్పి చూస్తే సరిపోయేది. లివర్ మీద ఏ ప్రొసీజర్ జరిగినా, తర్వాత కొన్ని వారాల వరకు ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ప్రొసీజర్ సంగతి డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి. అడిగేదాకా ఆగకండి.

అయ్యో, స్ట్రెచర్ తోసిన అబ్బాయిని మర్చిపోయాను, లిఫ్ట్ రాకపోతే ర్యాంప్ మీద ఒక్కడే తోసుకెళ్ళాడు. సీటీ గదిలో టెక్నీషియన్ గారికి కూడా థాంక్స్. ఇంకా, అర్ధరాత్రి ఫోన్ ఎత్తి రక్తం ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు. వాళ్ళ పేర్లు రాసుకున్న చీటీ ఫైల్లోనే ఎక్కడో ఉంది, దొరకగానే వాళ్ళకు నేనే ఫోన్ చేస్తాను.