వైల్ అన్నాక క్రియ బాకీ

హనుమకొండ,
ఆదివారం రాత్రి

చిన్నితల్లీ,

పొద్దున నువ్వు జర్మనీ నుంచి ఫోన్ చేసి పెట్టేశాక వంటింట్లో చాలాసేపు అలాగే కూర్చున్నాను. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పగిస్తూ మాట్లాడటం, అదే మీ యూబర్‌గాబె, ఆ ఐదు నిమిషాలంటేనే టెన్షన్‌గా ఉంటోందని చెప్పావు. శుక్రవారం నువ్వు చెప్పిన వాక్యం అర్థం కాక సీనియర్ సిస్టర్ రెండుసార్లు అడిగిందనీ, అప్పట్నుంచీ మూడు మాటల వాక్యాలతోనే సరిపెట్టుకుంటున్నాననీ అన్నావు. 'పేషెంట్ పడుకోలేదు. నొప్పి ఉంది. మాత్ర ఇచ్చాను.' అంతే. ఎందుకు పడుకోలేదు, ఏమని చెప్పింది, డాక్టర్ ఎప్పుడు వస్తారో, అదంతా నీ నోట్లోనే ఉండిపోతోంది. మూడేళ్ల ఆస్‌బిల్డుంగ్‌లో అంటే మీ నర్సింగ్ శిక్షణలో, నీకింకా మొదటి సంవత్సరమే. ఈ ఒక్క ముడి ఇప్పుడే విప్పేసుకుంటే మిగతాది సాఫీగా పోతుంది. ఫోన్లో చెబితే గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు జర్మన్ ఏ వన్ నుంచి బీ వన్ స్థాయి దాకా చదివినన్నాళ్లూ నీ పక్కన కూర్చుని నేనూ రాసుకున్నాను కదా, ఆ పొడుగు నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు వెళ్లాక కూడా నేను ఆపలేదు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు సంక్లిష్ట వాక్యాలు చెబుతున్నదాన్ని, జర్మన్ ఉపవాక్యం, అంటే పెద్ద వాక్యంలో ఇమిడే చిన్న వాక్యం, చూడగానే నాకు కొత్తగా అనిపించలేదు. మనింటి వాక్యంలాగే ఉంది. నువ్వు దాన్ని ఇంగ్లిష్ మీదుగా కడుతున్నావు, తడబాటు అక్కడ వస్తోంది.

నొప్పి వల్ల పేషెంట్ నిద్రపోవట్లేదని చెప్పబోయి నువ్వు శుక్రవారం అన్నదేమిటి? 'డీ పాత్సియెంటిన్ ష్లేఫ్ట్ నిష్ట్, వైల్ జీ హాట్ ష్మెర్త్సెన్.' ఇంగ్లిష్‌లో 'బికాజ్ షీ హ్యాజ్ పెయిన్' కాబట్టి హాట్ మధ్యలోకి వచ్చేసింది. అనాల్సింది 'వైల్ జీ ష్మెర్త్సెన్ హాట్'. తెలుగులో పెట్టి చూడు: ఆమెకు నొప్పి ఉంది. హాట్ ఎక్కడుందో, 'ఉంది' అక్కడే ఉంది. చివర.

మామూలు వాక్యం సంగతి నీకు బాగానే వచ్చు, ఎక్కువ రాయను. అవునా కాదా అని అడిగే ప్రశ్నల్లాంటివి వదిలేస్తే, ప్రధాన వాక్యంలో క్రియది రెండో కుర్చీ, దాన్ని ఎవరూ కదపలేరు. 'ఇష్ ఆర్బైటె హోయ్‌టె' అన్నా, 'హోయ్‌టె ఆర్బైటె ఇష్' అన్నా (నేను ఇవాళ పని చేస్తాను) ఆర్బైటె రెండోదే. ఇది మన అలవాటు కాదు కాబట్టి దీన్ని కష్టపడి నేర్చుకున్నాం. ఆ కష్టం ఎంత బాగా పట్టిందంటే, ఇప్పుడు ఉపవాక్యంలో కూడా చెయ్యి అటే పోతోంది. వైల్, దాస్, వెన్, ఓప్, ఓప్‌వోల్, బెఫోర్ (వరసగా కాబట్టి, అని, 'వస్తే'లోని తే, 'వస్తారో'లోని ఓ, అయినా, ముందు) లాంటి మాట ముందు రాగానే క్రియ రెండో కుర్చీ వదిలి వాక్యం చివరికి వెళ్లిపోతుంది. వైల్ అని నోరు తెరిచావంటే ఎదుటివాళ్లకు ఒక క్రియ బాకీ పడ్డట్టే. చివర్లో ఆ బాకీ తీరేదాకా వాళ్లు వింటూనే ఉంటారు. మధ్యలో నువ్వు ఎంత సామాను పెట్టినా ఫర్వాలేదు. 'వైల్ జీ జైట్ గెస్టెర్న్ ఆబెంట్ ష్టార్కె ష్మెర్త్సెన్ ఇమ్ క్నీ హాట్.' నిన్న సాయంత్రం నుంచి ఆమెకు మోకాల్లో బాగా నొప్పి ఉంది. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇలా చివరిదాకా క్రియను మోసుకెళ్లడం భారం. మనం పుట్టినప్పట్నుంచీ మోస్తున్నాం తల్లీ, మన క్రియ ఎప్పుడు ముందొచ్చింది కనక?

ఒక్క తేడా మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకో. మన దగ్గర కారణం చెప్పే మాట కూడా చివరే అంటుకుంటుంది: నొప్పి ఉండటం వల్ల, నొప్పి ఉంది కాబట్టి. వాళ్లు ఆ మాటను తీసుకెళ్లి ముందు పెడతారు, క్రియను చివర ఉంచుతారు. వాక్యం మొత్తం ఆ రెంటి మధ్య డబ్బాలో పెట్టినట్టు ఉంటుంది. ఉపవాక్యాన్ని మిగతా వాక్యం నుంచి విడదీస్తూ కామా తప్పనిసరి, రిపోర్ట్ రాసేటప్పుడు అది మర్చిపోకు.

నీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది రెండు ఎస్‌లు ఉన్న దాస్. అది మన 'అని'. పేషెంట్ ఏమందో, డాక్టర్ ఏమన్నారో, అంతా దాస్ లేకుండా నడవదు. 'కొంచెమే తిన్నానని చెప్పింది', 'నీళ్లు ఎక్కువ తాగాలని డాక్టర్ అన్నారు' అని నువ్వు ఇక్కడ రోజుకు వందసార్లు అనేదానివి. ఆ 'అని'ని ఊడదీసి ముందు పెట్టు, మిగతా వరస దాదాపు అదే.

నీళ్ల వాక్యమే తీసుకుందాం. మధ్యాహ్నం పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరించి చీటీలు చేశాను, ఒక్కో మాటకు ఒక్కో చీటీ. డైనింగ్ టేబుల్ మీద పరిచాను. ముందు ప్రధాన వాక్యం: జీ, ముస్, ఫీల్, వాసెర్, ట్రింకెన్. ఆమె ఎక్కువ నీళ్లు తాగాలి. ఇక్కడ ముస్ రెండో చోట, ట్రింకెన్ చివర, మధ్యలో నీళ్లు. తర్వాత దాస్ చీటీ తెచ్చి ముందు పెట్టాను. ముస్ చీటీని వేలితో జరుపుకుంటూ ట్రింకెన్ దాటించి చివర పెట్టాను. 'దాస్ జీ ఫీల్ వాసెర్ ట్రింకెన్ ముస్.' చదివి చూసుకుంటే ఒళ్లు పులకరించింది. ట్రింకెన్ ముస్. తాగ్ ఆలి. తాగాలి! మనం ఒక్క మాటగా కలిపేసినదాన్ని వాళ్లు రెండు మాటలుగా రాశారు, వరస మాత్రం అదే. ముస్ తీసేసి కాన్ పెట్టాను: ట్రింకెన్ కాన్. తాగ గలదు. ఇక జరిగిపోయిన పని: గెట్రుంకెన్ హాట్. తాగి ఉంది. ముందు పని, ఆ తర్వాత దానికి తోడొచ్చే క్రియ. మన భాషలో సహాయక క్రియ ఎప్పుడూ వెనకే నడుస్తుంది. జర్మన్ ఉపవాక్యంలోనూ అంతే. కాబట్టి 'ట్రింకెన్ ముందా, ముస్ ముందా' అని అక్కడ నిలబడి ఆలోచించకు. తాగాలి అనుకో, వరస అదే వస్తుంది.

(ముందుముందు 'తాగాల్సి వచ్చింది' లాంటివాటిలో మూడు క్రియలు ఒకచోట చేరతాయి, అక్కడ ఈ వరస కొంచెం మారుతుంది. అది ఇప్పుడు నెత్తికెత్తుకోకు.)

దాస్ దగ్గర మన తెలుగు ఒక చోట పొరపాటు చేయిస్తుంది, అది కూడా చెప్పాలి. మనం ఎదుటివాళ్ల మాటను వాళ్ల నోటితోనే చెబుతాం: 'నాకు నిద్ర పట్టట్లేదని అంటోంది.' ఇక్కడ 'నాకు' అంటే పేషెంటు అని మనకు తెలుసు. జర్మన్‌లో అలాగే 'జీ జాక్ట్, దాస్ ఇష్ నిష్ట్ ష్లాఫెన్ కాన్' అన్నావంటే నీకే నిద్ర పట్టట్లేదని అర్థం వస్తుంది! ఇష్ కాస్తా జీ అవ్వాలి: 'జీ జాక్ట్, దాస్ జీ నిష్ట్ ష్లాఫెన్ కాన్.' వార్డులో ఈ తప్పు జరిగితే ఎవరి బాధ ఎవరిదో తెలియకుండా పోతుంది, అందుకే దీన్ని ప్రత్యేకంగా రాస్తున్నాను.

ప్రశ్నల సంగతికి వద్దాం. 'వో ఇస్ట్ డెర్ ఆర్ట్స్ట్?' అని నేరుగా అడగొచ్చు. కానీ పెద్దవాళ్లను మర్యాదగా అడగాలంటే 'విసెన్ జీ, వో డెర్ ఆర్ట్స్ట్ ఇస్ట్?' అనాలి. డాక్టర్ గారు ఎక్కడున్నారో మీకు తెలుసా? (ఇక్కడ జీ అంటే 'ఆమె' కాదు, 'మీరు'.) మనం 'ఉన్నారు'కు ఒక 'ఓ' తగిలించి మెత్తన చేస్తాం. వాళ్లు ఇస్ట్‌ను చివరికి పంపుతారు. అవునా కాదా అన్న అనుమానమైతే ఓప్: 'ఇష్ వైస్ నిష్ట్, ఓప్ ఎర్ హోయ్‌టె కొమ్ట్.' ఆయన ఇవాళ వస్తారో లేదో నాకు తెలియదు. దాస్, ఓప్ ఈ రెండూ మనకు అంత దగ్గరగా ఉండటానికి కారణం కూడా కనిపెట్టాను. 'తిని', 'వస్తే', 'ఉండి' అన్నప్పుడు మనం క్రియను అసమాపకం చేసేస్తాం, ఎవరు, ఎప్పుడు అన్నది అందులో ఉండదు. 'అని', 'ఓ' ముందు మాత్రం క్రియ పూర్తి రూపంలోనే ఉంటుంది: వస్తుందని, వస్తారో. జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లినా అసమాపకం కాదు, కర్తకు తగ్గట్టు కొమ్ట్, హాట్, ముస్ అని మారుతూనే ఉంటుంది. అందుకే దాస్, ఓప్ ముందు నేర్చుకో, ఆ తర్వాత వెన్ పట్టుకో.

రెండు ముక్కలుగా విడిపోయే క్రియలు ఇక్కడ మరీ తేలిక. 'జీ ష్టేట్ ఉమ్ ఫ్యున్ఫ్ ఊర్ ఆవుఫ్' (ఆమె ఐదింటికి లేస్తుంది) అన్నప్పుడు ఆవుఫ్ ఎక్కడో చివర ఒంటరిగా ఉంటుంది, దాన్ని మర్చిపోతావు. ఉపవాక్యంలో రెండు ముక్కలూ కలిసిపోతాయి: 'వైల్ జీ ఉమ్ ఫ్యున్ఫ్ ఊర్ ఆవుఫ్‌ష్టేట్.'

ఉపవాక్యం ముందొస్తే ఎలా అని నువ్వు ఇదివరకు కూడా అడిగావు. మనకు అదే అలవాటు: నొప్పి వస్తే బెల్ కొట్టండి. జర్మన్‌లో 'వెన్ జీ ష్మెర్త్సెన్ హాబెన్, క్లింగెల్న్ జీ బిట్టె.' కామాకు అటు ఒక క్రియ, ఇటు ఒక క్రియ, రెండూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. అది తప్పేమో అనుకుని నువ్వు ఆగిపోతావు. తప్పు కాదు. వెన్ నుంచి హాబెన్ దాకా ఉన్నదంతా కలిసి ఒక్క మొదటి కుర్చీ. మొదటి కుర్చీ నిండింది కాబట్టి రెండోదాంట్లో క్రియ కూర్చోవాలి. మామూలు వాక్యంలో చెప్పినా అంతే: 'వెన్ జీ ష్మెర్త్సెన్ హాట్, క్లింగెల్ట్ జీ.' నొప్పి వస్తే ఆమె బెల్ కొడుతుంది. హాట్, క్లింగెల్ట్ అని రెండు క్రియలు ఇలా తగులుకుంటే వాక్యం సరిగ్గా కుదిరినట్టే.

ఉంట్, ఆబెర్, డెన్, ఓడెర్, జోన్‌డెర్న్, అంటే మరియు, కానీ, ఎందుకంటే, లేదా, 'అది కాదు, ఇది' అనే మాటలు, ఈ ఐదూ వరసను కదపవు. 'డెన్ జీ హాట్ ష్మెర్త్సెన్' అంటే తప్పు లేదు, అర్థమూ ఇంచుమించు వైల్ అర్థమే. ఎప్పుడైనా నోరు తడబడితే డెన్ అని తప్పించుకో. కానీ రోజూ దాని వెనక దాక్కోవద్దు తల్లీ, మాట్లాడేటప్పుడు నీ చెవిన పడేది ఎక్కువగా వైల్ కదా. అక్కడివాళ్లు మాటల్లో ఒక్కోసారి వైల్ తర్వాత క్రియను రెండో చోటే పెడతారని నువ్వే చెప్పావు. నిజమే, అది వాళ్ల మాటల్లో ఉంది. రిపోర్టుల్లోనూ పరీక్షలోనూ మాత్రం క్రియ చివరే ఉండాలి.

ఒక్క పని చెయ్యి. డ్యూటీ అయి బస్సెక్కాక ఆ రోజు వార్డులో విన్న రెండు మాటలు దాస్‌తో, ఒకటి వైల్‌తో చెప్పి నాకు వాయిస్ మెసేజ్ పెట్టు. పేషెంట్ల పేర్లు వద్దు, నొప్పి, నిద్ర, తిండి చాలు. ముందు తెలుగులో అనుకో, ఇంగ్లిష్‌ను దగ్గరకు రానివ్వకు. క్రియ చివరకు వచ్చిందో లేదో నేను ఇక్కడ చెవి పెట్టి వింటాను. మన టైమ్‌కు అర్ధరాత్రి అయినా సరే, పొద్దున లేవగానే అదే మొదట వింటాను.

నాన్న బుధవారం పార్సిల్ వేస్తారు. కరివేపాకు పొడి, నువ్వుల పొడి రెండు డబ్బాల్లో విడివిడిగా పెట్టాను. నానమ్మ నీకు స్వెట్టర్ సరిపోయిందా అని రోజూ అడుగుతోంది, ఈసారి ఫోన్ చేసినప్పుడు ముందు తనతో మాట్లాడు. చీటీలు ఈ కవర్లోనే ఉన్నాయి. హాట్ చీటీకి పోపు నూనె అంటుకుని మరక పడింది, అందుకని ఇంకొకటి రాసి పెట్టాను. గది తలుపు వెనక అంటించేటప్పుడు దాన్ని అన్నిటికంటే కుడివైపున అంటించు.

అమ్మ