ఆరోగ్య కమిటీ వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది అట్లాంటాలో మన కమిటీ శ్రమలో ఎక్కువ భాగం సుఖవ్యాధుల క్లినిక్‌లో నల్లజాతి యువకుల కోసం నడిచే కౌన్సెలింగ్‌కే వెళ్లింది. దీనికి ఆధారం కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో పరిశోధకుడు రిచర్డ్ క్రాస్బీ బృందం చేసి 2009లో ప్రచురించిన అధ్యయనం. అప్పుడే సుఖవ్యాధి బయటపడిన 18–29 ఏళ్ల యువకులు 266 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టులో ఒక్కొక్కరితో ఒక్కసారి 45–50 నిమిషాలు విడిగా మాట్లాడారు. ఆరు నెలల రికార్డులు చూస్తే ఆ జట్టులో 31.9 శాతం మందికి, మామూలు సలహాతో పంపినవారిలో 50.4 శాతం మందికి మళ్లీ వ్యాధి వచ్చింది. కరపత్రాల వల్ల కానిది ఆ ముప్పావు గంట వల్ల అవుతుంది.

మన క్లినిక్‌లో కౌన్సెలింగ్ గదిలో మాట్లాడేది ఇక్కడి పేటల్లో పెరిగిన నల్లజాతి యువకులే. అలబామా రాష్ట్రం టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ పరిశోధకులు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి రోగులకు వైద్యం అందనివ్వని చరిత్ర ఇళ్లలో చెప్పుకుంటారు; తెల్లకోటును చూడగానే నమ్మరు. మన సంఘం వాళ్లు శనివారాల్లో రిజిస్ట్రేషన్ బల్ల, కిట్లు, ఒప్పుకున్నవారికి ఫోన్లు చూస్తారు.

కిట్‌లో మూడు సైజుల్లో డజను కండోమ్‌లు, నీటితో చేసిన లూబ్రికెంట్ ప్యాకెట్లు ఉంటాయి. సైజు ముఖ్యం: బిగుతైతే చిరుగుతుంది, వదులైతే జారుతుంది, రెండు సార్లు అలా జరిగితే కుర్రాడు వాడటమే మానేస్తాడు. చెక్క నమూనా మీద తొడగడం అతని చేతే చేయిస్తారు. గడువు తేదీ చూడాలి, పళ్లతో చింపకూడదు, కొన నొక్కి గాలి తీసి మొదలుదాకా దించాలి. తిరగేసి పెట్టినట్టు తెలిస్తే తిప్పి వాడకూడదు, కొన మీద అప్పటికే స్రావం అంటి ఉండొచ్చు. పారేసి కొత్తది తీయాలి. వాజలైన్, కొబ్బరినూనె తగిలితే కండోమ్ రబ్బరు (లేటెక్స్) బలం పోతుంది. ఎండలో ఆగిన కారు డాష్‌బోర్డు అరలో దాచినవీ పనికిరావు.

గనోరియా, క్లామిడియా అనే సుఖవ్యాధులకు మందు తీసుకున్నాక వారం కలయిక వద్దు, జోడీకి కూడా వైద్యం జరగాలి, మూడు నెలలకు మళ్లీ పరీక్ష. మన ఫోన్లు ఆ మూడో నెల కోసమే.

అమెరికాలో బానిసత్వం ముగిసిన గుర్తుగా జరిపే జూన్‌టీన్త్ నాటి మన శిబిరం మనందరం గర్వించాల్సినది. బీపీ, షుగర్, హెచ్‌ఐవీ, ఇతర సుఖవ్యాధుల పరీక్షలకు ఒకే వరుస పెట్టాం. ఎవరు దేనికి వచ్చారో ఎవరికీ తెలియలేదు. అందుకే సాయంత్రం దాకా వరుస తగ్గలేదు. మూత్రం నమూనా ఇవ్వాల్సినవారు గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండాలని ముందే చెప్పడంతో ఎవరినీ వెనక్కి పంపాల్సి రాలేదు. డేరా ఇచ్చిన చర్చి పెద్దలకు, సెలవు వదులుకుని వచ్చిన మన నర్సులకు, ఫార్మసిస్టులకు, పులిహోర వండి పంపిన మహిళా విభాగానికి, కుర్రాళ్లను పంపిన మంగలి షాపులవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధ కూడా రాయక తప్పదు. శనివారాలకు పేరిచ్చి రానివారు చాలామంది. బల్ల దగ్గర మనిషి లేకపోతే లోపలి సలహాదారే లేచి రావాలి, ముప్పావు గంట కాస్తా పావుగంట అవుతుంది. కండోమ్‌లు ఇస్తామన్న కార్యాలయం నెలలు తిప్పి, చివరికి అన్నీ ఒకే సైజు పంపింది. మిగతా సైజులు సంఘం డబ్బుతో కొన్నాం.

లెక్కలు కోశాధికారి విడిగా పంచారు, ఆడిట్ అయింది.

వచ్చే ఏడాది శనివారాల జాబితా బల్ల మీద ఉంది. రాగలిగే తేదీలకే పేరు రాయండి. రాలేకపోతే గురువారంలోగా ఫోన్ చేయండి.

కార్యదర్శి, ఆరోగ్య కమిటీ